దక్షిణం వైపు నుంచి సముద్రాన్ని చూపిన పుస్తకం



సముద్రశాస్త్రం చదివి ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ ‘రీజినల్ ఓషనోగ్రఫీ’ పాఠ్యపుస్తకం పరిచయమే. ఇక్కడే అడిలైడ్‌లో, ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన మథియాస్ టామ్‌చాక్, హోబార్ట్‌లో ఆస్ట్రేలియా పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ శాస్త్రవేత్త స్టువర్ట్ గాడ్‌ఫ్రే కలిసి దాన్ని రాశారు. 1994లో అచ్చయింది.

నాకు నచ్చింది దాని వరస. ముందు గాలి, భూభ్రమణం, ఉప్పదనం నీటిని ఎలా నడిపిస్తాయో చెబుతారు. ఆ వెంటనే అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రానికి తీసుకెళ్తారు. అక్కడ చల్లబడి బరువెక్కిన నీరు అడుగున పాకుతూ మిగతా మహాసముద్రాల్లోకి చేరుతుంది మరి! పసిఫిక్, హిందూ, అట్లాంటిక్ ఆ తర్వాతే.

ఆ పుస్తకంలో ఈ దేశపు పడమటి తీరం గురించిన భాగాన్నే చూడండి. పెరూ, చిలీ తీరాల్లో ప్రవాహం భూమధ్యరేఖ వైపు సాగుతుంది, అడుగునుంచి చల్లని నీరు పైకొస్తుంది, చేపలు పుష్కలం. పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ గాలి ఉత్తరానికే వీస్తుంది. కానీ లీవిన్ ప్రవాహం ఆ గాలికి ఎదురుగా దక్షిణానికి పోతుంది. పసిఫిక్ నుంచి వెచ్చని నీరు ఇండోనేషియా దీవుల సందుల్లోంచి ఇటు చేరడంతో ఉత్తరాన నీటిమట్టం కాస్త ఎత్తుగా ఉంటుంది. ఆ వాలే గాలిని గెలుస్తుంది. అంత దక్షిణాన అబ్రోల్హోస్ దీవుల దగ్గర పగడాలు బతుకుతున్నాయంటే ఆ వెచ్చదనం వల్లే. గాడ్‌ఫ్రే స్వయంగా తేల్చడానికి శ్రమించిన చిక్కుముడి ఇది. ఒక తీరంలో నేర్చిన సూత్రాన్ని ఇంకో తీరానికి అతికించకూడదని ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

2003లో రెండో కూర్పు ఢిల్లీలో వెలువడింది. రచయితలు పుస్తకాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా కూడా ఉంచారు. విశాఖలోనో చిట్టగాంగ్‌లోనో కొనలేని విద్యార్థికి అది ఎంత పెద్ద సాయమో నేను చూశాను. సముద్రాన్ని కొలిచే ఆర్గో తేలియాడే పరికరాలొచ్చాక అందులోని కొన్ని అంకెలు పాతబడ్డాయి. ఆలోచించే పద్ధతి మాత్రం పాతబడలేదు.

అదే పద్ధతిలో చేయడానికి మీకొక పని అప్పగిస్తున్నాను. గోదావరి, కృష్ణ, గంగ, బ్రహ్మపుత్ర తెచ్చే మంచినీరు బంగాళాఖాతం మీద పొరలా ఎందుకు పరుచుకుంటుంది, మన తీరప్రవాహం ఏడాదిలో దిక్కు ఎందుకు మార్చుకుంటుంది, మన ఉప్పాడ తీరం ఎందుకు కోతపడుతోంది? పదో తరగతి పిల్లలకు అర్థమయ్యేలా తెలుగులో ఒక్క అధ్యాయం రాయండి. ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునేలా పెట్టండి. చిత్తుప్రతి నాకు పంపితే ప్రతి పేజీ చదివి పంపుతాను.