దీపానికి నెయ్యి పోసినవారు

(వేటపాలెం చరిత్ర సదస్సులో అధ్యక్షోపన్యాసం)



వేటపాలెంలో చరిత్ర గురించి నోటికొచ్చినట్టు మాట్లాడడానికి వీల్లేదు. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి గారు నెలకొల్పిన సారస్వత నికేతనం ఉన్న ఊరిది. 1929లో గాంధీజీ శంకుస్థాపన చేసిన ఆ గ్రంథాలయంలో నూరేళ్ళ నాటి పత్రికలు కూడా భద్రంగా ఉన్నాయి. ఆధారమేదని అడిగే హక్కు ఈ ఊరికుంది. ఆ హక్కును తలచుకుంటూనే ఈ రోజు మాట్లాడతాను.

మధ్యయుగ సమాజాన్ని ఫ్యూడల్ వ్యవస్థ ఎలా మలిచిందన్నది మన విషయం. ఈ మాట వినగానే కోటలు, కత్తులు, సామంతులు కళ్ళముందు కదులుతారు. నేను మాత్రం ఒక దీపంతో మొదలుపెడతాను.

బాపట్ల భావనారాయణస్వామి గుడిలోనూ, తెనాలి దగ్గరి చేబ్రోలు గుళ్ళలోనూ మధ్యయుగపు శాసనాలు చాలా ఉన్నాయి. తీరాంధ్ర గుళ్ళ శాసనాలు చదివేవారికి ఒక రకం దానం మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. ఒక మండలికుడో, అతని భార్యో, సేనానో, వర్తకుడో దేవుడికి అఖండ దీపం పెడతారు. దీపం ఆరకుండా వెలగాలంటే నెయ్యి కావాలి. అందుకోసం పాతిక ఆవులో, యాభై గొర్రెలో ఇస్తారు. ఆ మందను గుడిలో కట్టేయరు కదా! ఒక బోయకు అప్పగిస్తారు. ఈ శాసనాల్లో బోయ అంటే పశువుల మందను కాచే మనిషి. రోజుకో మానెడు నెయ్యి అతను గుడికి తెచ్చి పోయాలి. అతని తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనవడు పోయాలి. ఎన్నాళ్ళు? ఆచంద్రార్కం. సూర్యచంద్రులున్నన్నాళ్ళు.

ఒక్క క్షణం ఆ బోయ పక్కన నిలబడి చూడండి. ఆవుకు తెగులొస్తుంది. వాన రాదు, గడ్డి ఎండిపోతుంది. పాలు తగ్గుతాయి. మానెడు నెయ్యి మాత్రం తగ్గడానికి వీల్లేదు. తమిళ దేశంలో చోళుల శాసనాలు ఇలాంటి మందలను ‘సావా మూవా పేరాడు’ అన్నాయి. చావనివి, ముసలివి కానివి అని దానర్థం. ఈనిన పిల్లలు చచ్చిన వాటి చోటు భర్తీ చేస్తాయి గనుక మంద ఎప్పుడూ నిండుగానే ఉన్నట్టు లెక్క. పశువు చచ్చినా లెక్కలో చావదు. లెక్క చావదు గనుక బాకీ కూడా చావదు.

ఇది వెట్టి చాకిరీ అని తేల్చేయడానికి నేను సిద్ధంగా లేను. మందను చేపట్టిన మనిషికి మిగిలిన పాడి ఉంటుంది, గుడి అండ ఉంటుంది, రాతి మీద పేరు కూడా ఉంటుంది. ఆ రోజుల్లో అవి చిన్న విషయాలు కావు. మొదటి మనిషి ఇష్టపడే ఒప్పుకుని ఉండవచ్చు. అతని మనవణ్ణి మాత్రం ఎవరూ అడగలేదు. దానం చేసినవారికి పుణ్యం దక్కింది, మోసినవారి వంశానికి బాధ్యత దక్కింది. మన మధ్యయుగ సమాజానికి ఆయువుపట్టు ఇక్కడే ఉందని నా నమ్మకం. ఒక తరం చేసుకున్న ఒప్పందాన్ని పుట్టబోయే తరాల మెడకు చుట్టడం ఆ వ్యవస్థ చేసిన అసలు పని.

దీన్ని ఫ్యూడలిజం అనవచ్చా అన్న వాదం పాతదే. డి.డి. కోశాంబి ఫ్యూడలిజం పైనుంచీ వచ్చింది, కిందినుంచీ వచ్చిందన్నారు. ఆర్.ఎస్. శర్మ 1965లో ‘ఇండియన్ ఫ్యూడలిజం’ రాసి భూదానాలను దాని పునాదిగా చూపారు. 1979లో మన వాల్తేరులో జరిగిన భారత చరిత్ర కాంగ్రెస్ మధ్యయుగ విభాగానికి అధ్యక్షుడిగా మాట్లాడుతూ హర్బన్స్ ముఖియా అసలు మన దేశంలో ఫ్యూడలిజం ఉందా అని నిలదీశారు. ఐరోపాలో మాదిరి దొర పొలానికి కట్టుబడిన రైతు ఇక్కడ లేడన్నది ఆయన వాదంలో ముఖ్యమైన అంశం. అది కాదనలేని మాట. కానీ మనిషిని పొలానికే కట్టేయాలని ఏముంది? పుట్టుకకు కట్టేసినా పని జరుగుతుంది.

ఇప్పుడు పై అంతస్తుల్లోకి చూద్దాం. మనం కూర్చున్న చోటికి ఈశాన్యాన, రేపల్లె వెళ్ళే దారిలో ఉన్న చందవోలు ఒకప్పుడు వెలనాటి చోడుల రాజధాని. వాళ్ళు చోళ చక్రవర్తులకు సామంతులు. వాళ్ళ కింద ఎందరో మండలికులు. వెలనాటి గొంకరాజు కూతురు మైలమదేవిని పెళ్ళాడిన అనుగురాజుకు పల్నాడు అరణంగా వచ్చిందని పల్నాటి కథ చెబుతుంది. అరణం అంటే కోకలూ నగలే కాదు, ఊళ్ళు కూడా. ఊళ్ళతో పాటు వాటిలోని మనుషులు కట్టే పన్నులు కూడా.

పదమూడో శతాబ్దం మొదట్లో వెలనాటి పృథ్వీశ్వరుడి పతనంతో ఈ సీమ కాకతి గణపతిదేవుడి వశమైంది. ఆ కాకతీయులూ రుద్రదేవుడి కాలం దాకా కల్యాణి చాళుక్యులకు సామంతులే. గణపతిదేవుడు దివిసీమను గెలిచి, అక్కడి అయ్య వంశపు ఆడపడుచులు నారాంబ, పేరాంబలను పెళ్ళాడాడు. వాళ్ళ తమ్ముడు జాయపను గజసాహిణిని, అంటే ఏనుగుల దళానికి అధిపతిని చేశాడు. ‘నృత్తరత్నావళి’ రాసిన జాయప సేనాని ఆయనే. ఓడించడం, వియ్యమందడం, కొలువివ్వడం మూడూ ఒక వరసలో జరిగాయి. ఆ తర్వాత ప్రతాపరుద్రుడి నాటికి నాయంకరం బలపడింది. నాయకుడికి కొన్ని ఊళ్ళ రాబడి ఇస్తారు. దానికి బదులుగా అతను రాజుకు సైన్యం నిలపాలి. నమ్మకం ఉన్నంత కాలం అది కోటగోడ. నమ్మకం చెదిరిన నాడు ప్రతి నాయకుడూ ఒక రాజే.

పైన రాజులు మారారు. కింద ఊరు ఎలా నిలబడింది? ఆయగాళ్ళ వల్ల నిలబడింది. కరణం, రెడ్డి, తలారి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, పురోహితుడు... ఒక్కొక్కరికీ కొంత మాన్యం, కళ్ళంలో కొంత మేర. కరువులోనూ ఊరు చెదరకుండా పట్టి ఉంచిన కట్టు అది. అయితే కళ్ళం దగ్గర మేర కొలిచేటప్పుడు కరణం ఎక్కడ కూర్చున్నాడు, చాకలి ఎక్కడ నిలబడ్డాడు అన్నది కూడా ఆ కట్టులో భాగమే. ఆ దూరాన్ని కూడా తండ్రి కొడుక్కి అప్పగించాడు. మన రాష్ట్రంలో వంశపారంపర్య కరణీకం, మునసబు ఉద్యోగాలు 1984లో గానీ పోలేదు. ఈ సభలో తల నెరసినవారు చాలామందికి కరణంగారి కచేరీ సావడి గుర్తుండే ఉంటుంది. ఆచంద్రార్కం అన్న మాటకున్న బలం అంతటిది.

ఇంకో మాట చూడండి. పుల్లరి. పశువు మేసిన గడ్డికి కట్టే పన్ను. కాటమరాజు కథలో గొల్లలకూ నెల్లూరి రాజుకూ జరిగిన పోరు ఈ పుల్లరి గురించే. కరువులో మందలను తోలుకొచ్చిన కాటమరాజు ఒక వైపు, నెల్లూరి పక్షాన ఖడ్గతిక్కన మరో వైపు. 1922 ఫిబ్రవరిలో పల్నాటి మించాలపాడులో కన్నెగంటి హనుమంతు ప్రాణం ఇచ్చింది కూడా పుల్లరి కట్టం అన్నందుకే. రాజులు పోయి దొరలు వచ్చారు. గడ్డి మీద పన్ను పేరు మాత్రం మారలేదు. ఒక వ్యవస్థ ఎంత లోతుకు వేళ్ళు దిగిందో చెప్పడానికి ఒక్క మాట బతికి ఉంటే చాలు.

ఆ కాలం మంచిని కూడా దాచకూడదు. పాలంపేటలో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి, చెరువు ఇప్పటికీ మన కళ్ళముందున్నాయి. చెరువు తవ్వించినవారికి, దాన్ని కాపాడినవారికి దశబంధం కింద భూమి ఇచ్చేవారు. చెరువును కొడుకుతో సమానంగా సప్తసంతానాల్లో చేర్చిన సమాజమది. కీర్తి కోసమే అయినా, నీళ్ళు మాత్రం ఊరి పొలాలకే పారాయి.

ఇక మన పొరుగునే ఉన్న మోటుపల్లికి వద్దాం. 1244 నాటి గణపతిదేవుడి అభయశాసనం అక్కడే ఉంది. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు లాగేసుకునేవారు. తాను అలా చేయనని, ముప్పైకి ఒక వంతు సుంకం మాత్రమే తీసుకుంటానని ఆయన రాయించాడు. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, మిరియాలు వంటి సరుకుల సుంకాలు వివరంగా చెక్కించాడు. 1358లో కొండవీటి అనపోతారెడ్డి కూడా అదే రేవులో వర్తకులకు అభయమిచ్చాడు. పదమూడో శతాబ్దం చివర్లోనే ఈ తీరాన్ని గురించి చెప్పిన మార్కో పోలో ఇక్కడి బట్ట సాలెగూడంత పల్చన అని మెచ్చుకున్నాడు.

ఆ బట్ట నేసిన చేతులు ఎవరివో వేటపాలెం వారికి నేను చెప్పాలా? సముద్రం మీద వచ్చిన వర్తకుడికి దొరికిన అభయం ఆ నేతగాడికి దొరకలేదు. మగ్గానికి పన్ను ఉండేది. వర్తకుడికి నచ్చకపోతే ఓడ మరో రేవుకు తిప్పుకోగలడు, అందుకే రాజు అతనికి మాట రాసిచ్చాడు. నేతగాడు ఎక్కడికి పోతాడు?

ఆ ప్రశ్నకు జవాబు మన పక్క ఊళ్ళోనే దొరికింది. పన్నుల బరువుకు ఊరు విడిచిపోవడం పాత రైతుల చివరి ఆయుధం. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట చీరాల పేరాల జనం మునిసిపల్ పన్ను కట్టేది లేదని ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ చేసి రామనగరం కట్టుకున్నారు. ఓడకున్న బలాన్ని ఆ రోజు మగ్గం చూపించింది. మధ్యయుగం మన మీద వేసిన ముడి ఎంత గట్టిదో మోటుపల్లిలో, బాపట్లలో చూశాం. అది విడిపోయే ముడేనని చీరాల చూపించింది.

విద్యార్థులారా, మీకు ఒక పని అప్పగించి ముగిస్తాను. దాతల వంశావళులు మన పెద్దలు శ్రద్ధగా తయారుచేశారు. చరిత్రకారులు మల్లంపల్లి సోమశేఖర శర్మ గారు, పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు వేసిన బాట మనకుంది. ఇప్పుడు నెయ్యి పోసినవారి జాబితా కావాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె సీమల శాసనాల్లో మందలను చేపట్టిన బోయల పేర్లన్నీ ఊరి వారీగా, సంవత్సరం వారీగా రాయండి. ఎన్ని ఆవులు, ఎంత నెయ్యి, ఎవరి కొడుకు అన్నది వదలకండి. సున్నం కొట్టిన రాయి కనబడితే గుడి పెద్దలకు నచ్చజెప్పి, సున్నం జాగ్రత్తగా కడిగించండి. గుడి మరమ్మతుల్లో తీసేసిన రాయి ఏ మెట్టు కింద పడి ఉందో వెతకండి.

ఆ జాబితా పూర్తయ్యాక ఒక ప్రతి సారస్వత నికేతనంలో పెట్టండి. తన మనవడు కూడా ఆ నెయ్యే పోయాలని రాతి మీద రాయించుకున్న మనిషి పేరు, మనవరాలు ఏం చదవాలో తనే ఎంచుకునే ఊళ్ళో, ఒక బల్ల మీద అందరికీ అందుబాటులో ఉండాలి. అది జరిగిన రోజు మళ్ళీ పిలవండి, వచ్చి ఆ పేర్లు నేనే పైకి చదువుతాను.