పదో తరగతి శాతం వెనక



గతించిన మన హెడ్మాస్టరు గారి పేరిట మాట్లాడమన్నారు. పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు ఊరంతా ఆయన్ని శాతమెంతని అడిగేది. ఆ శాతానికి ఉన్న చరిత్రే ఇవాళ నేను చెప్పదలిచింది.

ఒకప్పుడు మన బడి బోర్డు హైస్కూలు. 1959 నవంబరులో పంచాయతీరాజ్ వచ్చాక జిల్లా పరిషత్ చేతికొచ్చింది. ఆ రోజుల చదువే చదువని పెద్దలంటారు. కాదనను. కానీ 1961 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత సుమారు 21 శాతం. కూలీనాలీ చేసుకునేవాళ్ల పిల్లల్లో చాలామంది హైస్కూలు గడప తొక్కనే లేదు.

1971లో పి.వి. నరసింహారావు గారి హయాంలో సర్వేల్‌లో తొలి గురుకుల పాఠశాల వెలిసింది. మరుసటి ఏడు తాడికొండ, కొడిగెనహళ్లి. పేదింటి చురుకైన పిల్లలకు అవి వేసిన దారి గొప్పది. అయితే ప్రవేశ పరీక్ష నెగ్గిన ప్రతి పిల్లా మన తరగతి నుంచే కదా వెళ్లింది! తర్వాత వీధివీధినా కాన్వెంట్లు. ఫీజు కట్టగలిగినవాళ్లు టి.సి.లు తీసుకున్నారు. అన్నను కాన్వెంటుకూ చెల్లెల్ని మన బడికీ పంపిన ఇళ్లు ఈ ఊళ్లో తక్కువేం కాదు. 2003 జనవరిలో ప్రాథమిక బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది. ఆ అన్నం తిని చదివినవాళ్లే, ఇంట్లో మొదటిసారి పుస్తకం పట్టినవాళ్లే, తర్వాత మన బెంచీల మీద కూర్చున్నారు.

ఇలాంటి బడిని కాన్వెంటు పక్కన నిలబెట్టి శాతాలు పోల్చడం న్యాయం కాదు. 2008లో ఉమ్మడి రాష్ట్రపు పల్లెల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ లాటరీ తీసి, సర్కారు బడి పిల్లల్లో కొందరిని ప్రైవేటు బళ్లలో చేర్పించి నాలుగేళ్లు గమనించారు. తెలుగులో, లెక్కల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. హిందీలో ప్రైవేటు పిల్లలే మెరుగు. పిల్లవాడికయ్యే ఖర్చు మాత్రం ప్రైవేటులో సర్కారు ఖర్చులో మూడో వంతు కూడా లేదు. ఈ చివరి మాట మనకు చేదు. దాన్ని దాటవేయకూడదు.

నన్ను అన్నిటికన్నా బాధించేది మరొకటి. సంక్రాంతి సెలవులు కాగానే బడి మొత్తం పదో తరగతి చుట్టూ తిరుగుతుంది. పొద్దున స్టడీ అవర్లు, సాయంత్రం స్లిప్ టెస్టులు, నూటికి నూరు తేవాలన్న పై ఒత్తిడి. మాస్టర్లంతా అటు పోతే ఆరో తరగతి గది అల్లరికే మిగులుతుంది. రెండో తరగతి వాచకాన్ని కూడబలుక్కునే పిల్ల అక్కడే కూర్చుని ఉంటుంది. ఆ పిల్లకు ఇప్పుడు చదవడం రాకపోతే నాలుగేళ్ల తర్వాత ఏ స్టడీ అవరూ ఆదుకోదు.

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. అమ్మలారా, ఈసారి కమిటీ సమావేశానికి రండి. పదో తరగతి శాతం తర్వాత అడగవచ్చు. ముందు ఆరో తరగతిలో ఎంతమంది తప్పులేకుండా చదవగలరో అడగండి.