నాయకుడి టోపీ ఎవరి తలమీద?
(సంఘ సాహిత్యగోష్ఠిలో చేసిన ప్రసంగము)

నేను రైల్వే గుమాస్తాను. చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. సినిమా పిచ్చి మాత్రం ఆగలేదు. అందుచేత అమెరికావారి పాత కౌబాయి చిత్రాలను గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

1930 దశకం మొదలు 1950 దశకం తొలినాళ్ళదాకా అక్కడి చిన్న కంపెనీలు గంటసేపు నడిచే చిత్రాలను కొద్ది డబ్బుతో, కొద్ది రోజులలో చుట్టివేసేవి. తెల్లటోపీ నాయకుడు, మంచి గుర్రం, పశువుల దొంగలు, చివర తుపాకుల పోరు. ఇదే కథ. నాయకుడు తెల్లవాడే. నల్లవాడు వంటవాడు, చైనావాడు చాకలి, మెక్సికోవాడు దొంగ. ఆదివాసి కేకలు పెడుతూ వచ్చి గుర్రంమీదనుంచి రాలిపోవలసినవాడు.

చరిత్ర వేరు. నిజంగా పశువులను తోలినవారిలో నలుగురికి ఒకడు నల్లవాడని చరిత్రకారుల అంచనా. లాసో, రాంచ్, రోడియో అన్న మాటలు స్పానిషునుంచి వచ్చినవి. మాటలను ఉంచుకున్నారు, మనుషులను వెనక్కు నెట్టారు.

ఆ చవక చిత్రాలలోనే ఒక విశేషం జరిగింది. 1937లో ‘హార్లెమ్ ఆన్ ది ప్రెయిరీ’ వచ్చింది. నాయకుడు హెర్బ్ జెఫ్రీస్, తరువాత డ్యూక్ ఎల్లింగ్టన్ బృందంలో పాడిన గాయకుడు. 1939లో ‘ది బ్రాంజ్ బకరూ’. వీటిలో నాయకుడు, నాయిక, దొంగ, అందరూ నల్లవారే. పెట్టుబడి, దర్శకత్వం తెల్లవారివి. హాస్యగాడు పాత అచ్చులోనే ఉన్నాడు. అయినా వేరే హాళ్ళలో, వేరే వరుసలలో కూర్చోవలసివచ్చిన పిల్లలకు తమవాడు తెల్లటోపీతో కనిపించాడు.

జే సిల్వర్‌హీల్స్ కథ ఇంకొకటి. కెనడాలో పుట్టిన మొహాక్ ఆదివాసి. 1949 నుంచి 1957 వరకు టెలివిజనులో ‘లోన్ రేంజర్’ నేస్తం టోంటో. చక్కని ఇంగ్లీషు వచ్చినవాడిచేత ముక్కలు ముక్కలుగా మాట్లాడించారు. ఆయన 1960 దశకంలో లాస్ ఏంజిలిస్‌లో తనవారికి నటన నేర్పే శిక్షణశాల పెట్టడానికి పూనుకున్నాడు.

ఈ గొడవ మనకెందుకంటారా? నిరుడు మా అబ్బాయికి బడి నాటకంలో వేషం దొరికింది. తెలుగు యాసతో నవ్వించే నౌకరు వేషం. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి వాడు, “నాన్నా, హీరో మనలాగ మాట్లాడకూడదా?” అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

తరువాత మన సంఘం నాటకాలు జ్ఞాపకం వచ్చాయి. అందులో అరవ అయ్యరును, కన్నడ కొట్టువాణ్ణి మనం ఎన్నిసార్లు నవ్వులపాలు చేశామో! ఆ వేషాలు నేనూ వేశాను. చప్పట్లూ కొట్టించుకున్నాను.

మూడు తరాలుగా ఈ హుబ్బళ్ళి నీళ్ళు తాగుతున్నాము. ఇకమీదట మన వేదికమీద పక్కింటివారి యాసకు కూడా ఒక నాయకుడి వేషం ఇద్దాము. దీనికి డబ్బు అక్కరలేదు. టోపీ ఒక తలమీదనుంచి మరొక తలకు మారితే చాలు.