గాలిమర నుండి గాలి టర్బైను వరకు



నెదర్లాండ్స్ దేశంలోని కిండర్‌డైక్‌లో 1740 నాటి గాలిమరలు నేటికీ నిలిచి ఉన్నాయి. నాడు కొయ్య రెక్కలపై గుడ్డ పరచి, గాలి బలంతో పల్లపు పొలాల నీటిని తోడిన యంత్రాలవి. రెక్క విరిగితే వడ్రంగి సరిచేసేవాడు. పుచ్చిన కొయ్య మట్టిలో కలిసేది.

మన తమిళనాట ముప్పందల్‌లో తిరిగే టర్బైనులకు మూడే రెక్కలు. గాజునారను రెసిన్‌తో బిగించి, విమానపు రెక్కవలె మలచినందున అవి తేలికగా, దృఢంగా ఉంటాయి. గాలి శక్తిలో నూటికి 59.3 పాళ్లకు మించి ఏ గాలిచక్రమూ గ్రహించలేదని జర్మనీ శాస్త్రజ్ఞుడు బెట్జ్ 1920లో నిరూపించాడు. నేటి టర్బైనులు ఆ హద్దుకు చేరువవుతున్నాయి.

అయితే సాధారణంగా వాడే రెసిన్ ఒకసారి గట్టిపడితే మరల కరగదు. ఇరవై, పాతికేళ్లకు ఆయువు తీరిన రెక్కను ఏమి చేయాలన్నదే ప్రశ్న. నేటి రెక్క బలమూ, నాటి కొయ్య గుణమూ కలిసిన పదార్థానికై జరిగే అన్వేషణలో మన పాఠశాల బిడ్డలు పాలుపంచుకోవాలని ఆకాంక్షిస్తూ సెలవు తీసుకుంటున్నాను.