తిరుత్తణి కొట్టం: గడ్డిలో పోయినది, రాతిలో నిలిచినది



ఈ ఏటి ధర్మనిధి ఉపన్యాసానికి ‘పాత ఇళ్లు’ అన్న విషయం ఇచ్చినప్పుడు నిర్వాహకుల మనసులో మిద్దెలూ మండువా లోగిళ్లూ ఉండి ఉంటాయి. నేను గడ్డి కప్పిన ఇంటి గురించి మాట్లాడతాను. తిరువళ్లూరు, తిరుత్తణి పల్లెల్లో తెలుగు రైతు కొట్టమనే ఇల్లు అది. చరిత్ర రాసేవాళ్లు దాని జోలికి పెద్దగా పోలేదు. గడ్డి నిలవదు, నిలవనిదానికి చరిత్ర ఏమిటని వాళ్ల అభిప్రాయం కాబోలు.

ఇంగ్లండులో అలా అనుకోలేదు. స్ట్రాట్‌ఫర్డ్ పక్కన షాటరీ అనే ఊళ్లో షేక్‌స్పియర్ భార్య ఆన్ హాథవే పుట్టింటివాళ్ల ఇల్లుంది. పేరుకు కాటేజీ. నిజానికి పన్నెండు గదుల రైతు ఇల్లు, కలప చట్రం, గడ్డి కప్పు. అందులో అన్నిటికన్నా పాత భాగం 1463 నాటిదని లెక్క. 1892లో షేక్‌స్పియర్ జన్మస్థల ట్రస్టు దాన్ని కొన్నది. 1969లో నిప్పంటుకుని దెబ్బతింటే బాగుచేసి నిలబెట్టారు. ఇవాళ చూడబోయేవాళ్ల కంటికి కనబడే గడ్డి ఆన్ చూసిన గడ్డి కాదు. అక్కడి నీటిరెల్లు కప్పు యాభై అరవై ఏళ్లు ఆగుతుంది, గోధుమగడ్డి అయితే ఇరవై ముప్పై ఏళ్లకే మార్చాలి. ఎన్నిసార్లు మార్చినా అది ఐదున్నర శతాబ్దాల ఇల్లే. ఆ కొలత ఒప్పుకున్నాక మన కొట్టానికి మాత్రం వేరే కొలత ఎందుకు పెట్టాలి? మన తాటాకు మూడు నాలుగేళ్లకే పోతుంది, నిజమే. ఆకు వయసు వేరు, ఇంటి వయసు వేరు.

కొట్టం కట్టే పద్ధతి చూద్దాం. చెరువు మట్టిలో తరిగిన వరిగడ్డి కలిపి, నీళ్లు పోసి కాళ్లతో తొక్కుతారు. ఒక వరస గోడ పెట్టి, అది ఆరాక దానిమీద ఇంకో వరస పెడతారు. ఆరకముందే తొందరపడితే కింది వరస పొట్ట ఉబ్బి జారుతుంది. ఇంగ్లండు నైరుతి మూల డెవన్‌లో కాబ్ అనే మట్టిగోడ పెట్టే తీరూ సరిగ్గా ఇదే. నడుమ నిట్రాడు, దానిమీద వెన్నుదూలం, అక్కడినుంచి చూరుదాకా వాసాలు, వాసాల మీద అడ్డంగా వెదురు పెండెలు, అన్నిటికీ తాటినార కట్లు. మేకుతో పనిలేదు. తాటితోపులున్న ఊళ్లో తాటాకు కప్పుతారు, చెరువు దగ్గర రెల్లో బోదో, చెరకు పండేచోట చెరకాకు. చెరకు కొట్టడం అయ్యాక ఆకు చేతికొస్తుంది. వేసవిలో రైతుకు తీరికా ఉంటుంది. అందుకే కప్పు పని చైత్రవైశాఖాల్లో పడుతుంది.

ఆకును చూరు దగ్గర మొదలుపెట్టి కొప్పు వైపు పేర్చుకుంటూ పోవాలి. అప్పుడే పై ఆకు నీళ్లు కింది ఆకు వీపు మీద పడి జారతాయి. అసలు రహస్యం వాలులో ఉంది. వాలు తక్కువైతే మూరెడు మందం కప్పినా కారుతుంది. వాలు బాగుంటే వానకు పైపొరలే తడుస్తాయి, అడుగు పొడిగా ఉంటుంది. ఈ సీమకు పెద్ద వానలు ఆశ్వయుజ కార్తికాల్లో, ఈశాన్య గాలితో, వాయుగుండాలతో వస్తాయి. చూరు అంత కిందికి, మనిషి తలవంచి దూరేలా దిగేది అందుకే. మట్టిగోడ తడవకూడదు, గాలి కప్పుకింద దూరి లేపకూడదు. దేవుడికి వంగినట్టు ఇంటికి వంగాలని పెట్టారనే వ్యాఖ్యానం విన్నాను. వినడానికి బాగుంది గాని, వంగమన్నది వాన.

పొగ సంగతీ చెప్పాలి. పొయ్యి పొగ కప్పులోంచి ఇంకి బయటికి పోతుంటే వాసాలు నల్లబడతాయి, పురుగు తగ్గుతుంది. డెవన్‌లో పాత రైతు ఇళ్ల కప్పులు విప్పినప్పుడు అట్టడుగున మసిబారిన మధ్యయుగపు గడ్డి దొరికింది. పొగగూళ్లు రాకముందు ఇంటి నడుమ మండిన నిప్పు మసి అది. అక్కడివాళ్లు పాతదాన్ని పూర్తిగా తీయకుండా దానిమీదే కొత్త గడ్డి కప్పుతూ వచ్చారు కాబట్టి ఆరేడు వందల ఏళ్ల కిందటి గోధుమ కంకులు కూడా మిగిలాయి. మనం విప్పిన ఆకును పొయ్యిలోకో దిబ్బలోకో పంపాం. అందుకే మన కప్పు ఆనవాలు కప్పులో దొరకదు, ఇంకోచోట వెతకాలి.

ఆ ఇంకోచోటు తిరుత్తణిలోనే ఉంది. ఇక్కడికొచ్చేవాళ్లంతా కొండమీది సుబ్రహ్మణ్యస్వామి కోసం 365 మెట్లెక్కి దిగిపోతారు. దిగువన వీరట్టానేశ్వరాలయం చూసేవాళ్లు తక్కువ. తొమ్మిదో శతాబ్దం చివర, పల్లవ అపరాజితుడి పద్దెనిమిదో పాలనాసంవత్సరంలో నంబి అప్పి అనే అతను రాతితో కట్టించాడు. దాని విమానం గజపృష్ఠం, అంటే వెనకవైపు గుండ్రంగా తిరిగి పైన ఏనుగు వీపులా వంగిన కప్పు. రాయికి అలా వంగాల్సిన అవసరం ఏముంది? వంచిన వెదురుకు, దానిమీది గడ్డికి ఆ వంపు సహజం. మహాబలిపురంలో ఏడో శతాబ్దపు ద్రౌపది రథం గడ్డి కప్పిన గుడిసెకు అచ్చుగుద్దిన రాతి నకలు. అక్కడే సహదేవ రథానిదీ గజపృష్ఠమే, పోల్చుకోమన్నట్టు పక్కనే రాతి ఏనుగును నిలబెట్టారు. ఇంకా వెనక్కి, క్రీస్తుకు పూర్వానికి పోతే, మన ఏలూరు జిల్లా గుంటుపల్లిలో గుండ్రటి చైత్యగుహ లోపల రాతికప్పుకు వాసాలు చెక్కారు. కొండ తొలిచిన గుహకు వాసాలెందుకు? శిల్పికి తెలిసిన ఇంటికి వాసాలున్నాయి కాబట్టి.

కాబట్టి వీరట్టానేశ్వరాలయాన్ని గుడిగానే కాక, ఈ సీమ గడ్డి కప్పుకు దొరికే పాత సాక్ష్యంగా కూడా చదవాలని నా వాదం. గుడి కట్టించినవాడి పేరు శాసనంలో ఉంది. దాని మీద రాజే స్వయంగా తమిళ పద్యం చెప్పాడనీ శాసనం అంటుంది. ఆ వంపును మొదట వెదురుతో వంచినవాడి మీద ఎవరూ పద్యం చెప్పలేదు.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. దక్షిణ భారతంలో తొలి ప్రయాణికుల రైలు 1856 జులై 1న రాయపురం నుంచి వాలాజా దాకా తిరువళ్లూరు మీదుగా నడిచింది. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ పెంకుల కార్ఖానా పెట్టింది. రైలూ పెంకూ రెండూ అందుబాటులోకి వచ్చాక కలిగిన రైతు క్రమంగా పెంకుకు మారాడు, కొట్టం గొడ్లకు మిగిలింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి పోయింది. ఆ సరిహద్దు గీత రెవెన్యూ రికార్డుల మీద పడింది గాని వాసాల మీద పడలేదు. అటు నగరిలోనూ ఇటు పళ్లిపట్టులోనూ అదే నిట్రాడు, అదే కట్టు.

ఇంతవరకూ విని, కొట్టాలన్నిటినీ నిలబెట్టాలంటున్నానని ఎవరైనా అనుకుంటే నాకు ఇబ్బంది. 2004 జులై 16న కుంభకోణంలో బడి మీది కీతు (అల్లిన ఆకు) కప్పు అంటుకుని 94 మంది పిల్లలు పోయారు. లండన్ వాళ్లు 1212 అగ్నిప్రమాదం తర్వాతే ఊళ్లో గడ్డి, రెల్లు కప్పులు వద్దన్నారు. గుడిసెలు లేని తమిళనాడు కోసం 2030 నాటికి ఎనిమిది లక్షల కాంక్రీటు ఇళ్లు, ఇంటికి మూడున్నర లక్షల రూపాయలు అంటూ 2024లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పథకాన్ని నేను తప్పుపట్టను. నాలుగేళ్లకోసారి కప్పుకు అప్పు చేసే కూలివాడికి కొట్టం అందాన్ని గురించి ఉపన్యాసం చెప్పే హక్కు పెంకుటింట్లో పెరిగిన నాకు లేదు. ఇంగ్లండులో నిలిచినవీ కలిగిన రైతుల ఇళ్లే. అక్కడి కూలివాడి గుడిసె మన గుడిసెలాగే మట్టిలో కలిసింది.

నేను అడిగేది కొలతలు మాత్రమే. మద్రాసు దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్ర మ్యూజియంలో ఉత్తరాంధ్ర హరిపురం చుట్టిల్లు ఉంది, గుండ్రటి గోడతో, తాటాకు కప్పుతో. మన తిరుత్తణి కొట్టాన్ని కనీసం కాగితం మీదైనా పెట్టాలి. కప్పు వాలు ఎంత, చూరు నేలకు ఎంత ఎత్తు, వాసానికీ వాసానికీ ఎడమెంత, పెండె దగ్గర నార ఏ ముడి, కప్పేవాళ్లు దాన్ని ఏమంటారు. ఈ ధర్మనిధిలో వచ్చే ఏటి ఉపన్యాసం ఖర్చు ఆపైనా సరే, ఇద్దరు ఆర్కిటెక్చర్ విద్యార్థులను ఈ పనికి పంపమని నిర్వాహకులకు నా మనవి. పంపితే వేసవిలోనే పంపండి. పాత ఆకు విప్పి కొత్త ఆకు ఎక్కించే ఆ రెండు మూడు రోజుల్లోనే చట్రం మొత్తం బయటపడుతుంది. ఆ ఏడు తప్పితే ఆ ఇంటికి మళ్లీ మూడు నాలుగేళ్లు ఆగాలి, అప్పటికి అక్కడ ఇల్లే మారిపోయి ఉండవచ్చు.