కారు రేకునకు మాటు
(వార్షిక మహాసభ వృత్తి సమావేశమునందు చేసిన ఉపన్యాసము)



మహాసభలలో విద్యను గుఱించియు, ఐకమత్యమును గుఱించియు పెద్దలు ప్రసంగించుట పరిపాటి. నాకు అప్పగింపబడిన విషయము అంత గంభీరమైనది కాదు. తుప్పుచేత కారు రేకునకు పడిన చిన్న చిల్లును, మఱల రంగు వేయుటకు ముందు, ఏ విధముగా బాగుచేయవలెననునదియే నా విషయము. కొలిమిని, దాగలిని విడిచిన మన కమ్మరి, కంచరి కుటుంబముల బిడ్డలు అనేకులు నేడు విజయవాడ ఆటోనగరు మొదలుకొని ప్రతి పట్టణమునందలి టింకరింగు షెడ్లలోను, అన్ని కులముల, మతముల పనివారితో కలసి జీవనము చేయుచున్నారు. కావున ఈ చిన్న విషయము మన అన్నమునకు సంబంధించినది.

పూర్వము బిందెకు మాటు వేసిన చేయియే నేడు కారు తలుపునకు మాటు వేయుచున్నది. అయితే ఒక భేదము కలదు. బిందె మాటు సరిగా లేనిచో ఆ పూటనే నీరు కారి గుట్టు బయటపడును. కారు మాటునందలి లోపము రంగు క్రింద దాగియుండి, ఒక వర్షకాలము గడచినగాని బయటపడదు. అప్పటికి సొమ్ము చేతులు మాఱియుండును. కంటికి కనబడని పనిని నిజాయితీగా చేయుటయే ఈ విద్యలోని కష్టము. తక్కినదంతయు అభ్యాసముచే వచ్చునది.

ముందుగా శత్రువును ఎఱుగవలెను. ఇనుము, నీరు, ప్రాణవాయువు కలసినచోట తుప్పు పుట్టును. ఉప్పు తోడైనచో దాని వేగము హెచ్చును. అందుచేతనే విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి తీర ప్రాంతముల బండ్లకు ఈ జాడ్యము త్వరగా సోకును. తుప్పు తాను తిన్న ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. కావున రంగును లోపలినుండి నెట్టి బొబ్బ కట్టించును. నేటి కార్ల పైరేకు మందము సుమారు 0.7 మొదలు 0.8 మిల్లీమీటర్ల వఱకు మాత్రమే. తలుపు అడుగున నీరు పోవుటకై విడిచిన రంధ్రములు దుమ్ముతో పూడిపోయినపుడు వాననీరు లోపల నిలిచి ఆ రేకును వెనుకనుండి తినును. చక్రముపై మడ్‌గార్డు అంచు మడతలో పేరుకొనిన బురదయు అట్టిదే. పైకి కందిగింజంత కనబడు చిల్లు వెనుక అరచేయంత జబ్బు ఉండవచ్చును.

కావున మొదటి సూత్రము: చిల్లు ఎంత యున్నదని చూడరాదు, మంచి రేకు ఎక్కడ మొదలగుచున్నదో చూడవలెను. చిల్లు చుట్టును రంగును గీకి మెఱయు లోహమును కనుగొనవలెను. సూదిమొనతో పొడిచి చూచినచో కుళ్లిన రేకు లోనికి పోవును. పూర్వమెవ్వరైన లప్పము నింపి పోయిరేమో తెలిసికొనుటకు చిన్న అయస్కాంతము చాలును. మందపు లప్పముపై అది పట్టు తప్పును.

రెండవ సూత్రము: చిల్లు ఏ స్థానమున నున్నదో చూడవలెను. నేటి కార్లలో పెక్కింటికి వేఱుగ చాసిస్ లేదు. బండి ఒడలే దాని ఎముకల గూడు. మడ్‌గార్డు, తలుపు పైరేకు, డిక్కీ మూత వంటివి చర్మమువంటివి. తలుపుల క్రింద పెట్టె ఆకారముననుండు దూలము, స్తంభములు, చక్రముల బరువు మోయుచోట్లు, సీటు బెల్టు బిగించుచోట్లు ఎముకల వంటివి. ఎముక కుళ్లినచో దానిని లప్పముతో గాని, గాజు నారతో గాని కప్పుట మరమ్మతు కాదు, ప్రాణాపహరణమునకు త్రోవ. అచ్చట కంపెనీవారు చెప్పిన పద్ధతిని క్రొత్త రేకు అతికింపవలెను. ఆధునిక కార్లలో వాడు అధికబలముగల ఉక్కు మితిమీఱిన వేడికి తన బలమును కోల్పోవును గనుక, ఆ పని తెలిసినవారికే అప్పగింపవలెను. నేను చెప్పబోవునది చర్మమునకు పడిన చిల్లులను గుఱించి మాత్రమే.

పనికి పూనుకొనుటకు ముందు బ్యాటరీ తీగను విప్పవలెను. వెల్డింగు చేయుచోట లోపలి గుడ్డ, స్పాంజి, రబ్బరు తొలగింపవలెను. పెట్రోలు గొట్టములు, విద్యుత్తీగలు, ఎయిర్‌బ్యాగులు ఎచ్చట నున్నవో తెలిసికొనవలెను. రేకునకు ఆవలివైపున ఒకడు అగ్నిమాపకముతో నిలుచుట భీరుత్వము కాదు, వివేకము.

తుప్పు తిన్న భాగమును కత్తిరించి తీసివేయవలెను. చిల్లు పెద్దదగుచున్నదని విచారింపరాదు. కుళ్లిన అంచుపై ఏ మాటును నిలువదు. క్రొత్త ముక్కను అదే మందముగల రేకునుండి కత్తిరించి, మూలలు గుండ్రముగా దిద్ది, అంచునకు అంచు కలియునట్లు అమర్చవలెను. మిగ్ వెల్డింగునందు 0.6 మిల్లీమీటర్ల తీగ ఇట్టి పలుచని రేకునకు తగినది. ఒకేసారి గీతవలె లాగినచో రేకు వేడికి వంకర తిరుగును. ఈ మూల ఒక చుక్క, ఆ మూల ఒక చుక్క పెట్టుచు, నడుమ చల్లారనిచ్చుచు అతుకు పూర్తి చేయవలెను. సూదిబెజ్జముల వంటి చిల్లులున్నచోట, చుట్టునుండు రేకు మంచిదైనచో, వెనుక రాగి పలకను ఆనించి చుక్కలతో పూడ్పవచ్చును. కరగిన ఉక్కు రాగికి అంటుకొనదు, రాగి వేడిని లాగికొనును. పిమ్మట అతుకును మాత్రమే అరగదీయవలెను. చుట్టునుండు రేకును గ్రైండరుతో పలుచబఱచినచో మఱియొక చిల్లునకు పునాది వేసినట్లే.

వెల్డింగు సాధ్యము కానిచోట గాజు నారను రెజిన్‌తో అతికించు పద్ధతి కలదు. అది తప్పు కాదు. అయితే అది ఎంతకాలము నిలుచునో చెప్పలేని మాటు. ఆ మాట యజమానికి ముందుగనే చెప్పవలెను. తీయ వీలులేని గుంటలలో మిగిలిన తుప్పునకు టానిక్ ఆమ్లముగల ద్రావకములు అంగళ్లలో దొరకును. కరక్కాయ నీటిలో ఇనుము నల్లబడుట మన పెద్దలెఱిగినదే. ఇదియు ఆ ధర్మమే. ఊడిపోవు తుప్పును ముందుగా గీకివేసినగాని ఆ మందు పనిచేయదు.

ఇక లప్పము. 1950 తరువాతి దశాబ్దమున పాలియెస్టరు లప్పము వాడుకలోనికి వచ్చుటకు పూర్వము, కారు రేకులందలి పల్లములను సీసము, తగరము కలిపిన టంకముతో నింపెడివారు. అది కంచరి విద్యకు దగ్గఱి చుట్టము. పాత కార్లను అరగదీయునపుడు ఆ సీసపు ధూళి విషమని మఱువరాదు. నేటి లప్పము సులభము, చౌక. కావుననే దుర్వినియోగమునకు లోనైనది. అది పల్లమును నింపుటకేగాని చిల్లును మూయుటకు కాదు. దానిలోని సుద్దవంటి పొడి నీటిని పీల్చును. వెనుక చిల్లు తెఱచియున్నచో చెమ్మ లప్పముగుండ వచ్చి, రంగును బొబ్బలుగా లేపును. కొందఱు చిల్లులో కాగితమును, గుడ్డను కుక్కి దానిపై లప్పము రాయుదురు. ఆ కాగితము నీటిని నిలుపుకొని తుప్పునకు ఊయలయగును. ఇట్టివాడు యజమానిని మాత్రమే కాదు, తన వీధిలోని పనివారినందఱను మోసగించుచున్నాడు.

మంచి పద్ధతి ఇది. మెఱయు లోహముపై ముందుగా ఎపాక్సీ ప్రైమరు వేయవలెను. అది గట్టిపడిన పిమ్మట గరుకు చేసి లప్పము రాయవలెను. 100 గ్రాముల లప్పమునకు సుమారు 2 గ్రాముల హార్డెనరు చాలును. డబ్బాపై వ్రాసిన లెక్కయే ప్రమాణము. త్వరగా గట్టిపడవలెనని హెచ్చుగా కలిపినచో ఆ మరక పైరంగులోనికి దిగును. తక్కువగా కలిపినచో లోపల మెత్తగా మిగులును. మన ఎండలకు లప్పము త్వరగా బిగియును గనుక కొంచెము కొంచెముగా కలుపుకొనుట మేలు. 3 మిల్లీమీటర్లకు మించి లప్పము కావలసివచ్చెననిన, సుత్తిపని ఇంకను మిగిలియున్నదని అర్థము. 80, పిదప 180, పిదప 240 అంకెల ఎమరీ కాగితములతో, చెక్కకు చుట్టి, పొడిగానే అరగదీయవలెను. నల్లపొడిని పలుచగా చల్లి అరగదీసినచో పల్లములందు నలుపు మిగిలి వానిని తానే చూపించును. దానిపై సర్ఫేసరు వేసి 600 లేక 800 అంకె కాగితముతో నున్నజేసిన పిదపనే రంగు.

ఇచ్చటితో పని ముగిసినదని పెక్కుమంది తలంతురు. రేకు వెనుకవైపు మిగిలియున్నది! వెల్డింగు వేడికి లోపలి రంగు కాలిపోయి అచ్చట ఉక్కు దిగంబరముగ నుండును. అచ్చటికి ప్రైమరును, అటుపిమ్మట బోలు భాగములకు వాడు మైనపు పూతను గొట్టముతో చేర్పవలెను. నీరుపోవు రంధ్రములను తెఱవవలెను. ఈ పావుగంట పనిని విడిచినచో మూడు దినముల శ్రమ వ్యర్థము.

సోదరులారా, రేకును రక్షించు మనము మన ఊపిరితిత్తులను రక్షించుకొనుచున్నామా? హార్డెనరు కలిపి చిమ్ము రంగులలో పెక్కింటియందు ఐసోసయనేటు ద్రవ్యములుండును. అవి ఉబ్బసమును కలిగించును. ఒకసారి సోకినవానికి ఆ రంగు వాసనయే శత్రువగును. ముఖమునకు కట్టిన చేతిగుడ్డ దానిని ఆపజాలదు. తగిన ముసుగు, గాలి ఆడు స్థలము కావలెను. జింకు పూతగల రేకును పూత తీయకయే కాల్చినచో ఆ పొగచే జ్వరము వచ్చును. ఈ సంగతులు పని నేర్చుకొను పిల్లవానికి మొదటి దినముననే చెప్పుట గురువు ధర్మము.

తుదకు నా మనవి రెండు మాటలు. షెడ్డు నడుపువారు చిల్లును కత్తిరించిన పిమ్మట, కప్పుటకు పూర్వము, సెల్‌ఫోనుతో ఒక చిత్రము తీసి యజమానికి చూపవలెను. వేసినది వెల్డింగు మాటో, గాజు నార మాటో రసీదుపై వ్రాయవలెను. దీనికి ఖర్చు లేదు. ధర ఎందుకు హెచ్చెనని అడుగువానికి ఆ చిత్రమే సమాధానము. రెండవది, సంఘమువారు విద్యార్థులకిచ్చు సహాయములతోపాటు పని నేర్చు యువకులకు మంచి ముసుగులను, వెల్డింగు శిక్షణను సమకూర్చు విషయమును ఆలోచింపవలెను.

రంగును అందఱును చూతురు, మాటును చేసినవాడొక్కడే చూచును. ఆ ఒక్కని చూపు నిర్మలముగా నున్నంతవఱకు మన వృత్తికి గౌరవము తఱుగదు.