ప్రొటీన్ తయారీని మేల్కొలిపే రసాయనాలు

కణంలో ప్రొటీన్ తయారీ మొదలు కావాలంటే ఈఐఎఫ్-2 అనే ప్రొటీన్ జీటీపీ అనే శక్తి అణువును పట్టుకుని, తొలి అమైనో ఆమ్లమైన మిథియోనిన్‌ను రైబోజోమ్‌కు చేర్చాలి. పని ముగిసేసరికి ఆ జీటీపీ కాస్తా జీడీపీ అవుతుంది. దాన్ని దించి మళ్ళీ జీటీపీని ఎక్కించేది ఈఐఎఫ్-2బి అనే మరో ప్రొటీన్. కణం ఇబ్బందిలో పడితే ఫాస్ఫేటు తగిలించే నాలుగు ఎంజైములలో (కైనేజులలో) ఏదో ఒకటి ఈఐఎఫ్-2 ఆల్ఫా భాగంలోని 51వ సెరీన్‌కు ఫాస్ఫేటు తగిలిస్తుంది. అలా మారిన ఈఐఎఫ్-2 తనకు సాయపడాల్సిన ఈఐఎఫ్-2బినే పట్టుకుని వదలదు. కణంలో ఈఐఎఫ్-2బి ఎప్పుడూ కొద్దిగానే ఉంటుంది కనుక కాస్త ఫాస్ఫేటు చేరినా తయారీ మందగిస్తుంది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో కె.వి.ఎ. రామయ్య పరిశోధన ఈ ముడి చుట్టూ సాగింది.

ఆ నాలుగు కైనేజులలో, ఇనుము లోపం, సికిల్ సెల్ వ్యాధి కనిపించే ఖమ్మం, భద్రాచలం అడవి అంచు గూడేలకు బాగా సంబంధించినది హెచ్ఆర్ఐ. ఎర్ర రక్తకణాలుగా ఎదుగుతున్న కణాల్లో ఇది ఎక్కువ. హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉండే భాగమైన హీమ్ సరిపడా ఉన్నంతసేపూ ఊరకుంటుంది. ఇనుము చాలక హీమ్ తగ్గిందా, లేచి హిమోగ్లోబిన్‌లోని ప్రొటీన్ భాగమైన గ్లోబిన్ తయారీని ఆపుతుంది. ఇనుము లోపించిన గర్భిణి రక్తపు బొట్టును గాజు పలక మీద పలుచగా పూసి, లీష్మన్ రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే కణాలు చిన్నవై, నడుమ వెలవెలబోతూ కనిపిస్తాయి. రోగ లక్షణంగా రాసుకునే ఆ రూపం నిజానికి హెచ్ఆర్ఐ కాపుదల గుర్తు. హెచ్ఆర్ఐ లేని ఎలుకలకు ఇనుము తగ్గించి చూసిన ప్రయోగం 2001లో వెలువడింది. వాటి కణాలు చిన్నవి కాలేదు. హీమ్ దొరకని గ్లోబిన్ ముద్దలు కట్టి కణాలే నాశనమయ్యాయి.

ఈ వ్యవస్థను రసాయనాలతో రెండు వైపులా నడపవచ్చు. హెచ్ఆర్ఐని మేల్కొలిపే డైఅరైల్ యూరియాలు 2011లో క్యాన్సర్ పరిశోధనలో బయటపడ్డాయి. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పీటర్ వాల్టర్ బృందం ఇస్రిబ్ అనే రసాయనాన్ని ప్రకటించింది. ఈఐఎఫ్-2బి రెండు సగాలను కాగితాలకు పిన్ను కొట్టినట్టు ఇది కలిపి ఉంచుతుంది, దాంతో ఆగిన తయారీ తిరిగి సాగుతుంది. ఫాస్ఫేటు మరీ ఎక్కువైతే మాత్రం ఇస్రిబ్ పనిచేయదు. డైఅరైల్ యూరియాలను, ఇస్రిబ్‌ను రెంటినీ ఉత్తేజకాలనే అంటారు గానీ మొదటిది ప్రొటీన్ తయారీకి బ్రేకు వేస్తుంది, రెండోది ఆ బ్రేకు తీస్తుంది. పేరు చూసి మోసపోకూడదు.

ఈ గూడేల కోయ గిరిజనులలో కనిపించే సికిల్ సెల్ వ్యాధి విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. పిండ హిమోగ్లోబిన్ (గర్భస్థ శిశువు రక్తంలో ఉండే రకం) పెరిగితే ఈ రోగికి మేలు. ఈఐఎఫ్-2 మీది ఫాస్ఫేటును నిలిపి ఉంచే సాలూబ్రినాల్ మానవ కణాల్లో పిండ హిమోగ్లోబిన్‌ను పెంచిందని 2013లో తేలింది. హెచ్ఆర్ఐని తీసేసినా అదే పెరిగిందని 2018లో మరో బృందం చూపింది. అంటే అదే దారిని తెరిచినా, మూసినా ఒకే ఫలితం! ఈ వైరుధ్యం తేలకుండా హెచ్ఆర్ఐ మీద మందు ప్రయోగించడం తొందరపాటే.

2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 40 ఏళ్ళ లోపు గిరిజనులకు పరీక్షలు చేయిస్తోంది. రోగికి పిండ హిమోగ్లోబిన్‌ను పెంచడానికి నేడు వాడుకలో ఉన్న మాత్ర హైడ్రాక్సీయూరియా. రక్తం తక్కువగా ఉందన్న ఒక్క కారణంతో సికిల్ రోగికి ఇనుము మాత్రలు రాయకూడదు. పలుమార్లు రక్తం ఎక్కించుకున్నవారి ఒంట్లో ఇనుము అప్పటికే పేరుకుని ఉండవచ్చు. ముందు ఒంట్లోని ఇనుము నిల్వను చూపే ఫెర్రిటిన్ పరీక్ష చేయించాలి.